బ్లూ కట్ కొన్నా తగ్గని తలనొప్పి: తేడా డిస్‌ప్లేలో కాదు, నా రెండు కళ్ల మధ్య!

సాయంత్రం నాలుగయ్యేసరికి కుడి కనుబొమ్మ వెనక నొప్పి మొదలయ్యేది. ఐదింటికల్లా కోడ్‌లో బ్రాకెట్ల పక్కన నీడలు కనిపించేవి. నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని, పైగా గ్యాడ్జెట్ల పిచ్చి. అందుకే తప్పు డిస్‌ప్లేదేనని ముందే తేల్చేశా.

ఓలెడ్ స్క్రీన్ ఫ్లికర్ వల్లేమో అని ఫోన్ మార్చా. 60 హెర్ట్జ్ మానిటర్ తీసేసి 144 హెర్ట్జ్‌ది కొన్నా. బ్లూ కట్ కళ్లద్దాలు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టా. డార్క్ మోడ్, నైట్ లైట్ అన్నీ ఆన్. మూడు నెలల్లో దాదాపు 40 వేలు వదిలాయి. తలనొప్పి మాత్రం తగ్గలేదు సరికదా, ఇంకాస్త పెరిగింది.

ఒకరోజు అలసిన కళ్లతో ఒక కండిషన్ తప్పు చదివి అప్రూవ్ చేసేశా. ఆ రాత్రి రిలీజ్ వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. “ఈమధ్య నీ ధ్యాస పని మీద ఉండట్లేదు” అన్నారు మా టీమ్ లీడ్. తలనొప్పి కన్నా ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది.

అసలు క్లూ అనుకోకుండా దొరికింది. పక్కకి తిరిగి పడుకుని ఫోన్ చూస్తున్నా. ఒక కన్ను దిండులో మూసుకుపోయింది. పది నిమిషాల తర్వాత గమనిస్తే అక్షరాలు నిలకడగా ఉన్నాయి, నొప్పీ లేదు. రెండో కన్ను తెరిచా. మళ్లీ అదే లాగుడు! ఫోన్ అదే, బ్రైట్‌నెస్ అదే. మారింది ఒక్కటే: పనిచేసే కళ్ల సంఖ్య.

రెండు కళ్లు కలిసి ఎలా పనిచేస్తాయి?

దూరంగా ఉన్న చెట్టుని చూసేటప్పుడు రెండు కళ్లూ దాదాపు సమాంతరంగా ఉంటాయి. దగ్గరి వస్తువుని చూడాలంటే రెండూ లోపలికి, అంటే ముక్కు వైపు తిరగాలి. దీన్నే కన్వర్జెన్స్ అంటారు. ఎంత తిరగాలో కొలిచే యూనిట్ ప్రిజం డయాప్టర్. కాంతిని 1 మీటరు దూరంలో 1 సెంటీమీటరు పక్కకి జరిపితే అది 1 ప్రిజం డయాప్టర్.

నా రెండు కనుపాపల మధ్య దూరం 64 మిల్లీమీటర్లు. దీన్ని పీడీ అంటారు. దీన్ని సెంటీమీటర్లలో రాసి, స్క్రీన్ దూరాన్ని మీటర్లలో తీసుకుని భాగిస్తే లెక్క తేలుతుంది. 60 సెంటీమీటర్ల దూరంలో ల్యాప్‌టాప్ ఉంటే దాదాపు 11 ప్రిజం డయాప్టర్లు. 25 సెంటీమీటర్లలో ఫోన్ పట్టుకుంటే దాదాపు 26. అంటే ఫోన్ కళ్ల మీద వేసే బరువు ల్యాప్‌టాప్ కన్నా రెట్టింపు పైనే. స్క్రీన్ ఎంత ఖరీదైనదైనా ఈ లెక్క మారదు.

కొందరి కళ్లకి విశ్రాంతిలో కొంచెం బయటికి జారే గుణం ఉంటుంది. దీన్ని ఎగ్జోఫోరియా అంటారు. ఇది మెల్లకన్ను కాదు, అద్దంలో చూసుకుంటే తెలియదు. ఒకే కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి పక్కకి లాగుతుంటే రైతు పగ్గం పట్టుకుని సరిచేస్తూనే ఉంటాడు కదా, మెదడూ రోజంతా అదే పని చేస్తుంది. బండి చాలులోనే పోతుంది, కానీ సాయంత్రానికి చెయ్యి నొప్పెడుతుంది. ఆ నొప్పే నా నాలుగు గంటల తలనొప్పి.

ఇది అరుదైన సంగతేమీ కాదు. తమిళనాడులో స్కూలు పిల్లల మీద చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో సుమారు 30 శాతం మందిలో, మెల్ల లేకపోయినా, రెండు కళ్ల సమన్వయంలో ఏదో ఒక లోపం కనిపించింది. అందులో ఎక్కువగా కనిపించింది దగ్గరి చూపుకి కళ్లు సరిగ్గా లోపలికి తిరగలేకపోవడమే.

పరీక్షలో ఏం తేలింది?

మామూలుగా షాపులో పవర్ చూసే పరీక్షలో ఒక్కో కన్ను విడివిడిగా చదివిస్తారు. నా రెండు కళ్లూ విడివిడిగా పాసే. ఈసారి బైనాక్యులర్ విజన్ పరీక్ష కావాలని అడిగి మరీ వెళ్లా. ఆప్టోమెట్రిస్ట్ మేడమ్ ఒక కన్ను మూసి, తీసి, రెండోది మూసి, కళ్లు ఎటు కదులుతున్నాయో చూశారు. తర్వాత పెన్ను మొనని ముక్కు వైపు తెస్తూ “రెండుగా కనిపించగానే చెప్పండి” అన్నారు. మామూలుగా అది 6 నుంచి 10 సెంటీమీటర్ల లోపు జరగాలి. నాకు 15 దగ్గరే రెండైంది.

తర్వాత నా బ్లూ కట్ కళ్లద్దాలని మెషీన్‌లో పెట్టి చూసి, “వీటిని 59 పీడీకి చేశారు, మీది 64” అన్నారు. ఆర్డర్ పెట్టేటప్పుడు సెల్ఫీతో కొలిచిన అంకె అది. 5 మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. లెన్స్ సెంటర్ ఎన్ని సెంటీమీటర్లు తప్పిందో దాన్ని పవర్‌తో గుణిస్తే, అడగకుండా వచ్చిన ప్రిజం ఎంతో తెలుస్తుంది. నా పవర్ మైనస్ 4. 0.5 ఇంటు 4, అంటే 2 ప్రిజం డయాప్టర్లు. అదీ నా కళ్లు ఇంకా లోపలికి తిరగాల్సిన దిశలో! డబ్బిచ్చి మరీ బరువు కొనుక్కున్నా.

ఏ లెన్స్ ఏం చేస్తుంది?

బ్లూ కట్: నీలి కాంతిని కొంత ఆపుతుంది. కళ్ల అలైన్‌మెంట్‌తో సంబంధం లేదు. 17 ట్రయల్స్‌ని పరిశీలించిన 2023 కాక్రేన్ సమీక్ష కూడా, మామూలు లెన్స్‌తో పోలిస్తే ఇవి స్క్రీన్ అలసటని తగ్గించకపోవచ్చనే తేల్చింది.

యాంటీ ఫెటీగ్: లెన్స్ కింది భాగంలో కొద్దిగా ప్లస్ పవర్ ఉంటుంది. ఫోకస్ చేసే కండరానికి సాయం. కానీ ఫోకస్, కన్వర్జెన్స్ రెండూ ముడిపడి ఉంటాయి. ఫోకస్ ప్రయత్నం తగ్గితే కళ్లు లోపలికి తిరగడమూ తగ్గుతుంది. నాలాంటి వాళ్లకి ఇది ఎదురు తిరగొచ్చు.

ప్రిజం లెన్స్: మందమైన అంచు ముక్కు వైపు ఉంటే బేస్ ఇన్ అంటారు. బొమ్మ కొంచెం బయటికి జరిగినట్టు కనిపిస్తుంది కాబట్టి కళ్లు తక్కువ తిరిగితే చాలు.

కాంటూర్డ్ ప్రిజం: మామూలు ప్రిజం లెన్స్ అంతటా ఒకేలా ఉంటుంది. కానీ చాలామందికి దూరంలో ఒక తేడా, దగ్గరలో ఇంకో తేడా ఉంటుంది. అమెరికాకి చెందిన న్యూరోలెన్స్ లాంటివాటిలో పైనుంచి కిందికి వచ్చేకొద్దీ ప్రిజం పెరుగుతుంది. ఐడియా బాగుంది, ధర మాత్రం మామూలు ప్రిజం కన్నా చాలా ఎక్కువ.

మరి ప్రిజం కొనేయొచ్చా? ఆగండి. కన్వర్జెన్స్ లోపం ఉన్న పిల్లల మీద 2005లో వచ్చిన ట్రయల్‌లో బేస్ ఇన్ ప్రిజం రీడింగ్ గ్లాసులు, ప్రిజం లేని రీడింగ్ గ్లాసుల కన్నా మెరుగ్గా పనిచేయలేదు. 9–17 ఏళ్ల 221 మందితో చేసి 2008లో ప్రచురించిన ఇంకో ట్రయల్‌లో, క్లినిక్‌లో 12 వారాలు కంటి వ్యాయామాలు చేసినవాళ్లలో 73 శాతం మంది మెరుగయ్యారు. ఇంట్లో పెన్సిల్ వ్యాయామం ఒక్కటే చేసినవాళ్లలో 43 శాతమే. పైగా కొందరి కళ్లు ప్రిజంకి అలవాటు పడిపోయి, కొన్నాళ్లకి ఇంకా ఎక్కువ ప్రిజం అడుగుతాయి.

అందుకే మేడమ్ నాకు వరస మార్చి చెప్పారు. ముందు సరైన పీడీతో అద్దాలు, తర్వాత 12 వారాల వ్యాయామం, ఇంకా అవసరమైతేనే కొద్దిగా ప్రిజం. అద్దాలు మారిన వారానికే సగం బరువు దిగింది. వ్యాయామాలు పూర్తయ్యేసరికి పెన్ను 8 సెంటీమీటర్ల దాకా వచ్చింది. ప్రిజం అవసరం రాలేదు. డెడ్‌లైన్ రోజుల్లో ఇప్పటికీ కొంచెం లాగుతుంది, కానీ బ్రాకెట్లకి నీడలు లేవు.

మీరు కొనేముందు

తలనొప్పి ఉన్నప్పుడు ఐదు నిమిషాలు ఒక కన్ను మూసి చదవండి. హాయిగా అనిపిస్తే రెండు కళ్ల సమన్వయం పరీక్ష చేయించుకోండి. రెండు పద్ధతుల్లోనూ కళ్లు మండుతుంటే కారణం పొడిబారడం కావొచ్చు, స్క్రీన్ ముందు మనం రెప్పలు తక్కువగా వేస్తాం. ఇది క్లూ మాత్రమే, డాక్టర్ చెప్పే నిర్ధారణ కాదు.

పీడీ మనిషి చేత కొలిపించుకుని రాయించుకోండి. వీఆర్ హెడ్‌సెట్‌లో లెన్సుల దూరం సెట్ చేయడానికీ అదే అంకె పనికొస్తుంది. ఫోన్‌ని 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకోండి. నా లెక్కలో 26 కాస్తా 16 అవుతుంది, పైసా ఖర్చు లేదు.

ఉన్నట్టుండి అన్నీ రెండుగా కనిపించడం మొదలైతే మాత్రం లెన్సుల గురించి ఆలోచించొద్దు. అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఆ 144 హెర్ట్జ్ మానిటర్ ఇంకా నా టేబుల్ మీదే ఉంది. మంచి మానిటరే పాపం, దాని తప్పేం లేదు.