పాకం కుదిరితేనే సారెకు పరువు
పంచదార గవ్వల కిటుకంతా చివరి ఐదు నిమిషాల్లోనే

అమలాపురం: కాపురానికి వెళ్లే ఆడపిల్ల వెంట సారె పంపడం గోదావరి జిల్లాల్లో తరతరాల ఆచారం. లడ్డూలు, సున్నుండలు, కాజాలు, పంచదార చిలకలతో పాటు ఆ సారెలో గవ్వలు తప్పనిసరి. అత్తవారింట బుట్ట మూత తీయగానే గవ్వ మీది పంచదార తెల్లగా, పొడిగా మెరవాలి. చేత్తో కదిపితే గలగలమనాలి. అలా కాక ఒకదానికొకటి అంటుకుని ముద్దగా ఉన్నా, జిగటగా చేతికి తగిలినా సారె పంచే రోజున వీధి వీధంతా ఆ మాటే చెప్పుకుంటారు. పుట్టింటివారి పరువు చివరకు పాకం మీద ఆధారపడుతుందన్న మాట.

కోనసీమలోని ఒక గ్రామంలో ఇటీవల ఒక పెళ్లివారింట సరిగ్గా ఇదే చిక్కు వచ్చిపడింది. మధ్యాహ్నం సారె బయలుదేరాలి. ఐదు కిలోల పిండి గవ్వలు వేయించి సిద్ధంగా ఉంచారు. పాకం బాధ్యత కొత్తగా వచ్చిన కోడలికి అప్పగించారు. ఆమె చుట్టాల పలకరింపుల్లో పడి రెండు నిమిషాలు ఏమరుపాటుగా ఉండేసరికి పాకం ముదిరిపోయింది. పళ్లెంలో చుక్క వేస్తే రాయిలా టంగుమంది. నాలుగు కిలోల పంచదార పాడైందని ఆ అమ్మాయి కన్నీళ్లు పెట్టుకుంది.

అప్పుడు పొరుగింటి నుంచి పిన్నిగారిని పిలుచుకొచ్చారు. ఆమెకు డెబ్బై ఏళ్లు దాటాయి. ఊళ్లో ఎవరింట సారె వండినా ఆమె చెయ్యి పడాల్సిందే. ఆమె బాణలిని పొయ్యి మీద నుంచి దించి, కాసేపాగి, పెద్ద గ్లాసుడు వేడి నీళ్లు అంచు వెంట నెమ్మదిగా పోసి మళ్లీ పొయ్యి మీద పెట్టించారు. "ఏడవకమ్మా. పంచదార ఎక్కడికీ పోలేదు, పోయినవి నీళ్లే. పోయినవాటిని మళ్లీ పోస్తే సరి" అన్నారు. గట్టిపడిన పాకం కరిగి మళ్లీ మామూలు దశకు వచ్చింది. సారె వేళకు బయలుదేరింది.

నీళ్లు పోవడమే పాకం

పిన్నిగారి మాటలో పాకం శాస్త్రమంతా ఉంది. మామూలు వేడిలో ఒక లీటరు నీటిలో సుమారు రెండు కిలోల పంచదార కరుగుతుంది. మరిగే నీటిలో అయితే నాలుగున్నర కిలోలకు పైగా కరుగుతుంది. మరిగేకొద్దీ నీరు ఆవిరై పాకం చిక్కబడుతుంది, దాని వేడి కూడా 100 డిగ్రీలు దాటి పెరుగుతూ పోతుంది. తీగ పాకం సుమారు 106 డిగ్రీల సెంటీగ్రేడు నుంచి మొదలవుతుంది. 112 నుంచి 116 డిగ్రీల మధ్య మెత్తటి ఉండ కడుతుంది. 120 దాటితే గట్టి ఉండ. రంగు మారి గోధుమ వర్ణానికి వచ్చి మాడితే తప్ప, ఎంత ముదిరినా పాకాన్ని నీళ్లు పోసి వెనక్కి తేవచ్చు.

పూర్వం ఇళ్లలో వేడి కొలిచే పరికరాలు లేవు, ఇప్పటికీ చాలా ఇళ్లలో లేవు. వాటికి బదులు పళ్లెంలో చల్లటి నీళ్లు పెట్టుకుంటారు. అందులో పాకం చుక్క వేస్తే కరిగి విచ్చిపోతే లేత పాకం. చుక్క అడుగున నిలిచి, వేలితో దగ్గరకు తీస్తే మెత్తటి ఉండగా వస్తే గవ్వలకు తగిన పాకం. ఉండ గట్టిపడి పళ్లేనికి కొడితే చప్పుడు చేస్తే మించిపోయిందని అర్థం. మరిగే పాకంలో నేరుగా వేలు పెట్టి చూడటం మాత్రం ప్రమాదం. అది నీటి కన్నా వేడి, పైగా చర్మానికి అంటుకుపోతుంది. గరిటెతో తీసి నీళ్లలో వేసి చూడటమే క్షేమం.

తయారీ ఇలా

కిలో మైదాలో చిటికెడు ఉప్పు, వంద గ్రాముల వేడి నెయ్యి లేక వెన్న వేసి పిండంతా పట్టేలా చేత్తో కలపాలి. నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ గట్టిగా ముద్ద చేసి, తడిబట్ట కప్పి అరగంట ఉంచాలి. చిన్న చిన్న ఉండలు చేసి గవ్వల పీట మీద బొటనవేలితో నొక్కుతూ లాగితే గీతలు పడి గవ్వలా చుట్టుకుంటాయి. పీట లేనివారు ఫోర్కు వెనుక భాగం మీద గానీ, కొత్త దువ్వెన మీద గానీ లాగుతారు. నూనె మరీ కాగకుండా చూసుకుని, సన్నటి సెగ మీద లోపలి దాకా వేగనివ్వాలి. సెగ ఎక్కువైతే పైన ఎర్రబడి లోపల పచ్చిగా ఉండిపోతాయి, రెండో రోజుకే మెత్తబడతాయి.

వేగిన గవ్వలు పూర్తిగా చల్లారిన తర్వాతే పాకం మొదలుపెట్టాలి. కిలో పిండికి ముప్పావు కిలో పంచదార, అది తడిసేటన్ని నీళ్లు చాలు. మరిగేటప్పుడు ఒక చెంచా పాలు పోస్తే మడ్డి పైకి తేలుతుంది. దాన్ని తీసేస్తే పూత తెల్లగా వస్తుంది. చుక్క మెత్తటి ఉండ కట్టగానే బాణలి దించి, గవ్వలన్నీ ఒకేసారి వేసి ఆపకుండా కలపాలి. మొదట తళతళలాడుతూ జిగటగా ఉంటాయి. మూడు నాలుగు నిమిషాల్లో పాకం మసకబారి, తెల్లబడి, చివరకు పొడిగా గవ్వను పట్టుకుంటుంది. ఆ సమయంలో చేయి ఆపితే గవ్వలన్నీ ఒకే గడ్డ అవుతాయి. అందుకే ఒకరు బాణలి పట్టుకుంటే మరొకరు తెడ్డు తిప్పుతారు.

నిమ్మరసం ఎందుకు వద్దు?

కొత్తగా నేర్చుకునేవారు ఎక్కువగా చేసే పొరపాటు నిమ్మరసం పిండటం. కాజాలకు, జాంగ్రీలకు అది కావాలి. ఎందుకంటే వాటి పాకం గడ్డకట్టకుండా ద్రవంగానే ఉండాలి. పులుపు తగిలితే పంచదార కొంత విడిపోయి, మళ్లీ పలుకు కట్టదు. గవ్వలకు కావలసింది దీనికి విరుద్ధం. పంచదార తిరిగి సన్నటి పలుకులుగా మారితేనే తెల్లటి పూత ఏర్పడుతుంది. నిమ్మరసం పిండిన పాకంలో గవ్వలు ఎంత కలిపినా జిగట వదలదు.

పాకం లేతగా ఉండగానే గవ్వలు వేసేసినా కంగారు పడనక్కర్లేదు. బాణలిని తిరిగి సన్నటి సెగ మీద పెట్టి, తడి ఆరేదాకా కలుపుతూ ఉంటే పూత తెల్లబడుతుంది. ముసురు పట్టిన రోజున మాత్రం ఈ పని పెట్టుకోకపోవడం మేలని అనుభవజ్ఞులు చెబుతున్నారు. గాలిలోని తేమకు పూత చెమ్మగిల్లుతుంది. చల్లారగానే గాలి చొరని డబ్బాలో పోసి మూత బిగించాలి.

బిస్కెట్ల మీదా ఇదే సూత్రం

పిల్లల పుట్టినరోజులకు, క్రిస్మస్‌కు బిస్కెట్ల మీద బేకరీవారు వేసే తెల్లటి ఐసింగ్ కూడా ఇలాంటి పంచదార పూతే. దానికి పొయ్యితో పని లేదు. పంచదారను మిక్సీలో మెత్తగా పట్టి, పలుచటి గుడ్డలో జల్లించాలి. కప్పు పొడికి చెంచాడు మొక్కజొన్న పిండి కలిపితే ఉండలు కట్టదు. అందులో పెద్ద చెంచాడు పాలో నీళ్లో పోసి బాగా కలపాలి. చాలకపోతే చుక్కచుక్కగా పోయాలే తప్ప ఒక్కసారిగా పోయరాదు. గరిటె ఎత్తితే ధార నెమ్మదిగా జారి, పడిన గీత కొన్ని క్షణాలు నిలిచి కలిసిపోవాలి. పలుచనైతే మరికాస్త పొడి, చిక్కనైతే మరో చుక్క. గులాబీ రంగుకు బీట్‌రూట్ రసం, పసుపు రంగుకు చిటికెడు పసుపు చాలు. బాగా చల్లారిన బిస్కెట్ల మీద రాసి కొన్ని గంటలు ఆరనిస్తే పూత బిగుస్తుంది. పాలతో చేసినవి రెండు మూడు రోజుల్లో తినేయాలి.

చేతిలోని విద్య

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. తాపేశ్వరం కాజాకు ఊరి పేరే ప్రచారం. గవ్వలకు అలాంటి ఊరంటూ ఒకటి లేదు. ప్రతి ఊళ్లోనూ ఇద్దరో ముగ్గురో పిన్నిగార్లు ఉంటారు, వారి చేతిలోనే ఈ విద్య ఉంది. కొందరు మహిళలు సారె వంటలను కిలోల లెక్కన ఒప్పుకుని జీవనం సాగిస్తున్నారు. సరుకు తమదే అయినప్పుడు ఒక్క వాయి చెడితే ఆ రోజు కూలి పోయినట్టే. పాకం తిరిగి బాగుచేసుకునే ఉపాయం తెలిసినవారికి ఆ నష్టం ఉండదు. ఇది తెలియక ముదిరిన పాకాన్ని పెరట్లో పారబోసేవారు ఇప్పటికీ ఉన్నారు.

పిన్నిగారికి ఇప్పుడు చూపు మందగించింది. బాణలిలో బుడగలు కనిపించవు. మరుగు చప్పుడు విని, "ఇప్పుడు చుక్క వేసి చూడు" అని పక్కనుంచి చెబుతారు. నాడు కన్నీళ్లు పెట్టుకున్న కోడలే ఇప్పుడు ఆమె పక్కన పళ్లెంలో నీళ్లు పట్టుకుని నిలబడుతోంది. వచ్చే పెళ్లిళ్ల రోజుల్లో ఆ వీధి సారెలకు పాకం పట్టే బాధ్యత ఆమెదేనని ఇరుగుపొరుగు చెబుతున్నారు.