గాదె కాసే పిల్లికి పేరేదీ?

పల్లెటూరి ఇంట్లో ఆవుకు పేరుంటుంది. "లక్ష్మీ" అంటే తల తిప్పి చూస్తుంది. వాకిట్లో పడుకునే కుక్కకు రాజు అనో టైగర్ అనో పేరుంటుంది. రాత్రంతా గాదె దగ్గర కాపలా కాసే పిల్లికి మాత్రం పేరుండదు. పైగా పొద్దున్నే ఎదురొస్తే శకునం బాగాలేదని తిట్లొకటి.

పంట ఇంటికి చేరిందంటే వెనకాలే ఎలుకలు చేరతాయి. బస్తాలకు చిల్లులు పడతాయి. విత్తనానికి దాచిన కాయలు పొట్టుగా మిగులుతాయి. అప్పుడు రైతుకు పిల్లి గుర్తుకొస్తుంది. చుట్టాల ఇంటి నుంచో, పక్క వీధి నుంచో కూనను తెచ్చుకుంటారు. "దీనికేం పేరు పెడదాం తాతా?" అని ఇంట్లో పిల్లలు అడుగుతారు. "పిల్లికి పేరేమిట్రా!" అని పెద్దలు నవ్వేస్తారు.

నవ్వవలసిన పని లేదు. తెనాలి రామకృష్ణుని పిల్లి కథ తెలియని వారుండరు. వేడిపాలకు మూతి కాల్చుకుని, ఆపైన పాలగిన్నె చూస్తేనే పారిపోయిన పిల్లి అది. ఊరూరా పేరు పొందిన ఆ పిల్లికి కథలో పేరు లేదు కాని, మన ఇతర పాత కథల్లో పిల్లులకు చక్కని పేర్లున్నాయి. అయితే కథ తెలుసుకుని పేరు పెట్టుకోవాలి.

పరవస్తు చిన్నయసూరి 1853లో వెలువరించిన నీతిచంద్రికలో దీర్ఘకర్ణమనే పిల్లి ఉంది. అంటే పొడవు చెవులది. చాంద్రాయణ వ్రతం చేస్తున్నానని చెప్పి, జరద్గవమనే గుడ్డి గద్ద ఉన్న చెట్టుతొర్రలో చోటు సంపాదించింది. పక్షి పిల్లలను ఒక్కొక్కటిగా తినేసి, ఎముకలు తొర్రలో వదిలి పారిపోయింది. నేరం గద్ద మీద పడి, దాని ప్రాణం పోయింది. కోళ్ల గంప ఉన్న ఇంట్లో ఈ పేరు పెట్టకపోవడమే మేలు.

మహాభారతం శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుకు చెప్పిన కథలో పిల్లి పేరు లోమశుడు. ఒళ్లంతా బొచ్చు గలవాడని అర్థం. వేటగాడి వలలో చిక్కిన లోమశుణ్ణి పలితుడనే ఎలుక తాళ్లు కొరికి విడిపిస్తుంది. కాని చివరి తాడు వేటగాడు కనిపించే దాకా కొరకదు. ముందే విడిపిస్తే పిల్లి తననే తింటుందని దాని భయం. బొచ్చు బాగా ఉన్న కూనకు ఈ పేరు నప్పుతుంది.

అన్నింటిలోకి రైతు గుర్తుంచుకోవలసిన పేరు దధికర్ణుడు. పెరుగులా తెల్లని చెవులు గలవాడని అర్థం. ఇది హితోపదేశంలోని పిల్లి. నిద్రపోతున్న సింహం జూలును ఎలుక రోజూ కొరికేది. పట్టుకోబోతే కలుగులో దూరేది. సింహం ఊళ్లోకి వెళ్లి దధికర్ణుణ్ణి తెచ్చుకుంది. ఎలుక అలికిడి వినపడినప్పుడల్లా పిల్లికి మాంసం పెట్టి మేపింది. ఒకనాడు ఎలుక ఆకలికి తాళలేక బయటికొచ్చి పిల్లికి చిక్కింది. అలికిడి ఆగిపోయింది. సింహం పిల్లిని మరిచిపోయింది. దధికర్ణుడు తిండి లేక చిక్కిపోయాడు.

అడవిలో జరిగినట్టు చెప్పిన ఈ కథ మన ఇళ్లల్లో ఏటా జరుగుతున్నదే. ఎలుకలున్నన్నాళ్లు పాలూ అన్నం పెడతారు. ధాన్యం అమ్ముడుపోయి గాదె ఖాళీ అయితే పిల్లి ఉట్టి దగ్గర దొంగ అవుతుంది. గోనెసంచిలో వేసి కాలువ అవతల వదిలి వచ్చేవారూ ఉన్నారు. పిల్లి శాపాలకు ఉట్లు తెగవన్న ధీమా మనది. మళ్లీ పంట వస్తుంది, ఎలుకలూ వస్తాయి. అప్పుడు మరో కూన కోసం ఊరంతా తిరగాలి.

పేరు పెట్టినా పిల్లికి తెలుస్తుందా అన్న అనుమానం అక్కరలేదు. 2019లో జపాన్ పరిశోధకులు పెంపుడు పిల్లులకు కొన్ని మాటలు వరుసగా వినిపించి, చివర వాటి పేరు వినిపించారు. పేరు వినగానే చాలా పిల్లులు చెవులో తలో కదిలించాయి.

దధికర్ణుడని నోరు తిరగకపోతే "దధీ" అంటే చాలు. అన్నం పెట్టేటప్పుడు ఇంట్లో అందరూ ఒకే పేరుతో పిలిస్తే త్వరగా అలవాటవుతుంది. గాదె ఖాళీ అయి, ఎలుకల అలికిడి ఆగిన రోజున కూడా ఆ పిలుపు వినిపించాలి. గిన్నెలో నాలుగు మెతుకులు పడాలి.