వెబ్ పుటలో బొమ్మల అదృశ్యం: కారణాలు, పరిష్కారాలు

డీటీపీ సాఫ్ట్‌వేర్‌లో కూర్చిన అచ్చుపుటలో అక్షరమూ బొమ్మా ఒకే కాగితంపై నిలుస్తాయి. వెబ్ పుటలో సాధారణంగా బొమ్మ ఉండదు. అది ఉన్న చోటును తెలిపే చిరునామా మాత్రమే ఉంటుంది. బొమ్మలు మాయమవడానికి మూలం ఈ భేదమే.

మైక్రోసాఫ్ట్ పబ్లిషర్ 2003, 2007 వెర్షన్లలో వెబ్‌సైటును సిద్ధం చేసినప్పుడు ‘ఇండెక్స్’ పుటతోపాటు ‘ఇండెక్స్_ఫైల్స్’ అనే ఫోల్డరు ఏర్పడుతుంది. బొమ్మలు ఈ ఫోల్డరులోనే ఉంటాయి. దానిని వదిలి పుటను మాత్రమే సర్వరుకు ఎక్కిస్తే బొమ్మల చోట ఖాళీ గళ్లు మిగులుతాయి. ఫోల్డరు పేరు మార్చినా ఫలితం అదే.

రెండవ కారణం ఫైలు పేరులోని అక్షరభేదం. విండోస్ సాధారణంగా ఆంగ్లపు పెద్ద, చిన్న అక్షరాలను ఒకటిగానే గ్రహిస్తుంది. లైనక్స్ సర్వరు వేరుగా గ్రహిస్తుంది. అందుచేత సొంత కంప్యూటరులో కనిపించిన బొమ్మ అంతర్జాలంలో కనిపించకపోవచ్చు. మూడవది ఫైలు రూపం. అచ్చుకు అనువైన టిఫ్ బొమ్మలను చాలా బ్రౌజర్లు చూపవు. వాటిని జేపెగ్‌గానో పీఎన్‌జీగానో మార్చాలి.

ప్రచురణానంతరం పుటను వేరొక కంప్యూటరులో తెరిచి సరిచూడడం అవసరం. శాసన వ్యాసంలో నకలు చిత్రం లోపిస్తే, పాఠనిర్ణయాన్ని పరీక్షించే ఆధారమే పాఠకునికి దక్కదు.