అంకె వెలిగితే... అదే అందం!

హిందూపురం స్టేషన్లో బెంగళూరు రైలు కోసం ఎదురుచూసేవాళ్లు గడియారం వైపు చూసేది టైము కోసమే. అంకెల అందం కోసం చూసేవాళ్లూ ఉన్నారు. వాళ్ల ముద్దు గడియారం... నిక్సీ!

చిన్న గాజుబుడ్డి. లోపల సన్నటి లోహపు అంకెలు, సున్నా నుంచి తొమ్మిది దాకా ఒకదాని వెనక ఒకటి. దేనికి కరెంటిస్తే దాని చుట్టూ నియాన్ వాయువు నారింజరంగులో వెలుగుతుంది. అమెరికాలో బరోస్ కంపెనీ 1955లో వీటిని మార్కెట్లోకి తెచ్చింది. ఎల్‌ఈడీలు రావడంతో మూలనపడ్డాయి. సోవియట్ ఫ్యాక్టరీలు మాత్రం ఇంకొన్నాళ్లు తయారుచేశాయి. ఆ మిగిలిన సరుకే ఇప్పుడు ఔత్సాహికులకు పెన్నిధి. ఐఎన్-12 రకంలో 5 చూస్తే నవ్వొస్తుంది. 2ని తలకిందులు చేసి పెట్టేశారు!

చిక్కల్లా పనిలేని అంకెలతోనే. 24 గంటల గడియారంలో మొదటి ట్యూబుకు 0, 1, 2 తప్ప పనేముంది? మిగతావాటి మీద పొర పేరుకుని, తర్వాత సరిగా వెలగవు. అందుకే అర్ధరాత్రి అన్నీ వరుసగా వెలిగేలా ప్రోగ్రాం రాస్తారు. ట్యూబు వెలగాలంటే సుమారు 170 వోల్టులు కావాలి. పిల్లలూ, పెద్దల తోడు లేకుండా ముట్టుకోవద్దు!

పాత సరుకు ఏటికేడు తరిగిపోతోంది. చెక్ రిపబ్లిక్‌లో డాలిబోర్ ఫార్నీ కొత్త ట్యూబుల తయారీ చేపట్టాడు... ధర్మవరం మగ్గంలా, అంతా చేతిపనే. ధరా అలాగే ఉంటుంది మరి.