ఫెయిర్‌బేర్న్-సైక్స్ బాకు

ఫెయిర్‌బేర్న్-సైక్స్ బాకు రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్ కమాండో దళాల కోసం తయారైన రెండంచుల పోరాట కత్తి. 1940 నవంబరులో లండన్‌లోని విల్కిన్సన్ స్వోర్డ్ సంస్థలో దీనికి తుదిరూపం ఏర్పడింది. దీనిని రూపొందించిన విలియం ఇవార్ట్ ఫెయిర్‌బేర్న్ (1885-1960), ఎరిక్ ఆంథొనీ సైక్స్ (1883-1945) పేర్లే దీనికి పేరయ్యాయి. మడతకత్తిలో వలె కాక, దీని అలుగు పిడిలో కదలకుండా బిగించి ఉంటుంది. సైనిక వస్తువులను సేకరించేవారిలో ఈ బాకుకు విశేషమైన ఆదరణ ఉంది.

నేపథ్యం

ఫెయిర్‌బేర్న్ మొదట బ్రిటిష్ రాయల్ మెరీన్లలో పనిచేసి, 1907లో షాంఘై మునిసిపల్ పోలీసు శాఖలో చేరాడు. అప్పటి షాంఘైలో విదేశీయుల అధీనంలో ఉన్న అంతర్జాతీయ నివాస ప్రాంతానికి ఈ శాఖ రక్షణ కల్పించేది. దోపిడీ ముఠాలు, ఆయుధాల చాటుమాటు వ్యాపారం, వీధి పోరాటాలు అక్కడ నిత్యకృత్యాలు. ఆ అనుభవంతో ఫెయిర్‌బేర్న్ చేతిపోరాట పద్ధతి నొకదానిని రూపొందించి, 1926లో 'డిఫెండు' అనే పేరుతో పుస్తకంగా వెలువరించాడు. తుపాకుల వ్యాపారంతో సంబంధమున్న సైక్స్ అదే పోలీసు శాఖలో రిజర్వు విభాగంలో సేవ చేశాడు.

1940 జూన్‌లో డన్‌కిర్క్ నుండి బ్రిటన్ సేనలు వెనుదిరిగాయి. ఆ వెంటనే శత్రుతీరాలపై మెరుపుదాడులు జరిపేందుకు కమాండో దళాలను ఏర్పాటు చేశారు. అదే సంవత్సరం స్వదేశానికి తిరిగివచ్చిన ఫెయిర్‌బేర్న్, సైక్స్‌లు స్కాట్లాండ్‌లోని లొఖేలార్ట్ శిక్షణ కేంద్రంలో ఈ దళాలకు గురువులయ్యారు. రాత్రివేళ కాపలాదారును చప్పుడు కాకుండా తొలగించడం కమాండోలకు అవసరమైన విద్యలలో ఒకటి. తుపాకి మోతతో శత్రువు మేల్కొంటాడు. అప్పట్లో సైన్యం వద్ద ఉన్న బాయొనెట్లు రైఫిలు చివర అమర్చడానికి ఉద్దేశించినవి. చేతిలో ఇమిడే తేలికైన బాకు కావలసి వచ్చింది.

నిర్మాణం

బాకు మొత్తం పొడవు దాదాపు 11.5 అంగుళాలు. అందులో అలుగు సుమారు 7 అంగుళాలు. అలుగు సన్నగా మొదలై సూదిమొనగా ముగుస్తుంది. మధ్యలో వెన్ను ఉండి, ఇరువైపులా అంచుల వరకు ఏటవాలుగా దిగుతుంది. అలుగును అడ్డంగా కోసి చూస్తే వజ్రాకారం కనిపిస్తుంది. అలుగు నుండి సాగిన సన్నని కడ్డీ పిడి గుండా వెళ్ళి, పిడి చివర మరతో బిగించబడుతుంది. తొలి రకాల పిడి గళ్ళు చెక్కిన ఇత్తడితో చేసినది. పిడి బరువు వల్ల బాకు తూకం చేతి వైపు ఉండి, మొనను తిప్పడం సులభమవుతుంది. తోలు ఒరకు రెండు పక్కలా ఉన్న తోలుపట్టీలను దుస్తులకు కుట్టుకునేవారు.

మూడు నమూనాలు

మొదటి నమూనా: 1941 జనవరిలో తొలి విడత వెలువడింది. చేతికి అడ్డుగా ఉండే లోహపు పట్టీ ఆంగ్ల 'ఎస్' అక్షరం వలె వంపు తిరిగి ఉంటుంది. అలుగు మొదట్లో చదునైన చిన్న భాగం ఉంటుంది.

రెండవ నమూనా: మొదటి నమూనా తరువాత వచ్చింది. అడ్డుపట్టీ తిన్ననయింది. అలుగు మొదట్లోని చదును భాగం తొలగిపోయింది. రెండు మార్పులూ తయారీ వేగాన్ని పెంచేవే.

మూడవ నమూనా: 1943 అక్టోబరు నుండి వచ్చింది. యుద్ధకాలంలో ఇత్తడికి కొరత ఏర్పడడంతో, పిడిని చవక మిశ్రలోహంతో పోతపోసి, దాని చుట్టూ వలయాలు ఉంచారు. గళ్ళు చెక్కే శ్రమ తప్పింది. తరువాతి కాలంలో ఎక్కువగా ప్రచారంలోకి వచ్చినది ఈ రూపమే.

లోపాలు

ఈ బాకు ఒక్క పనికే పుట్టినది. పొడవడానికి తప్ప కట్టెలు కొట్టడానికి గాని, డబ్బాలు తెరవడానికి గాని పనికిరాదు. అలాంటి పనులకు వాడినపుడు సన్నని మొన విరిగిపోయేది. పిడి గుండ్రంగా ఉండడంతో చీకటిలో అంచు ఎటువైపు ఉన్నదో చేతికి తెలిసేది కాదు. 1942లో అమెరికా గూఢచారి సంస్థ ఓఎస్ఎస్ కోసం లాండర్స్, ఫ్రేరీ అండ్ క్లార్క్ అనే గృహోపకరణాల సంస్థ ఇదే తరహా బాకులను చేసింది. వాటి ఉక్కును కాల్చి గట్టిపరచడంలో లోపాలు తలెత్తాయి. ఓఎస్ఎస్‌లో ఫెయిర్‌బేర్న్‌తో కలిసి పనిచేసిన రెక్స్ యాపిల్‌గేట్ ఈ లోపాలను సరిదిద్దుతూ, వెడల్పైన అలుగుతో యాపిల్‌గేట్-ఫెయిర్‌బేర్న్ కత్తిని తరువాతి కాలంలో వెలువరించాడు.

చిహ్నంగా బాకు

ఆయుధంగా దీనికి ఉన్న పరిమితులు చిహ్నంగా దీని ప్రాభవాన్ని తగ్గించలేదు. బ్రిటన్ రాయల్ మెరీన్ కమాండోల భుజచిహ్నంలోను, నెదర్లాండ్స్ కమాండో దళం చిహ్నంలోను ఈ బాకు కనిపిస్తుంది. అమెరికా సైన్యపు ప్రత్యేక దళాల చిహ్నంలో ఉన్నది మాత్రం దీనిది కాదు. అది 1942లో అమెరికా-కెనడా ఉమ్మడి దళం కోసం కేస్ సంస్థ తయారుచేసిన వి-42 బాకు.

సేకరణ

మొదటి నమూనా కొద్దికాలమే తయారైనందున అరుదు. అయితే అరుదుదనం ఒక్కటే ఆకర్షణకు కారణం కాదు. వంపు పట్టీ నుండి తిన్నని పట్టీకి, చెక్కిన ఇత్తడి నుండి పోత లోహానికి జరిగిన మార్పులలో యుద్ధం గడిచిన తీరు కనిపిస్తుంది. మొదట్లో నైపుణ్యంతో చేసిన వస్తువు, క్రమంగా వేలకొలది అవసరమై, లోహం కరవై, సాదా రూపానికి దిగింది. సేకర్తలు ప్రభుత్వ ముద్రలను, తయారీ గుర్తులను, పిడి చివరి మరను, ఒర కుట్టును జాగ్రత్తగా పరిశీలించేది ఈ క్రమాన్ని గుర్తించడానికే.

అందుకే నకళ్ళ బెడద తీవ్రమైనది. యుద్ధానంతరం ఈ బాకులు స్మారక వస్తువులుగా లెక్కకు మించి తయారయ్యాయి. వాటిలో కొన్నింటికి పాత ముద్రలు వేసి, కృత్రిమంగా తుప్పు పట్టించి, అసలువిగా అమ్మడం జరుగుతున్నది. అసలు బాకును అధికంగా మెరుగుపెట్టినా, తిరిగి పదునుపెట్టినా నష్టమే. చెక్కిన అక్షరాలు, తొలి పూత, అలుగు ఆకారం చెరిగిపోతాయి. ఒకసారి చెరిగిన ఆధారం తిరిగి రాదు.

ఒక సైనికుని పేరుతో ఉన్న బాకుకు అతని సేవాపత్రాలు, ఉత్తరాలు తోడైనపుడు దాని చారిత్రక విలువ పెరుగుతుంది. అవి లేకుండా అమ్మకందారు చెప్పే వీరగాథ సాక్ష్యం కాజాలదు. మనిషి ప్రాణం తీయడానికి తయారైన ఈ వస్తువును అందమైన అలంకారంగా మాత్రమే చూస్తే దాని చరిత్ర మరుగునపడుతుంది. లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం సేకరణలో ఈ బాకులను భద్రపరచారు.