పరదేశ సేవకు బయలుదేరే ముందు



“మేడమ్, విదేశంలో జీతం లేని సేవకు పిలుపు వచ్చింది. వెళ్లనా?” అని మా స్టాఫ్ నర్సు ఒకమ్మాయి అడిగింది. ఇంట్లో ఆమె జీతమే ఆధారం. నాకు గుంటూరు కుగ్లర్ ఆసుపత్రి గుర్తుకు వచ్చింది.

డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో అమెరికా నుండి గుంటూరు వచ్చారు. ఆమె చదివింది వైద్యం. అయినా మిషనువారు మొదట అప్పగించింది స్త్రీల మధ్య బోధన పని. ఆమె అలిగి వెళ్లిపోలేదు. తెలుగు నేర్చుకున్నారు. ఆ పని చేస్తూనే రోగులనూ చూశారు. స్త్రీల ఆసుపత్రి 1898లో గానీ తెరవలేదు.

అందుకే ఆ అమ్మాయికి ఇలా చెప్పాను: అక్కడివారికి ఏమి కావాలో ముందుగా వ్రాసి అడుగు. మన నర్సింగ్ రిజిస్ట్రేషన్ అక్కడ చెల్లుతుందా? చెల్లకపోతే పక్కలు సర్దే పనైనా సంతోషంగా చేస్తావా? నీవు లేనప్పుడు ఇల్లు ఎలా గడుస్తుంది? తిరుగు టికెట్ ఎవరిది? ఎల్లో ఫీవర్ ఉన్న దేశమైతే టీకా కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి.

వీటికి జవాబు దొరికాక, అమ్మానాన్నలతో కలిసి మోకరించి నిర్ణయించుకో.

సంఘస్తులారా, ఆమె కొరకు ప్రార్థించండి. వెళ్తే ఆ ఇంటిని మనం మరువకూడదు.