చిన్న కంప్యూటరు మేలుకొనకున్న నేమి చేయవలెను?



ఈశాన్య ఋతుపవనములు ప్రవేశింపక మునుపే పాఠశాల మేడమీద వానను, గాలిని కొలుచు నొక యంత్రమును నిలుపవలెనని తొమ్మిదవ తరగతి బాలురు కొందరు పూనిరి. ఏటేట తుపానుల నెదుర్కొను మన నెల్లూరు తీరమున నిట్టి కోరిక సహజమే. అరచేత నిముడు కంప్యూటరు ఫలకము వచ్చినది. కాని మీట నొక్కగా నది సగము మేలుకొని నిలిచిపోయెను. ఆ లోపమును వెదకిన క్రమము మీకును, మీ తలిదండ్రులకును ఉపయోగించునని తలంచి యిట వ్రాయుచున్నాను.

ఈ ఫలకమునకు సొంత డిస్కు లేదు. తనకు కావలసిన ఫైళ్లన్నిటిని వేరొక గదిలోని సర్వరునుండి తీగద్వారా తెచ్చుకొనును. ఇట్లు దూరముననున్న ఫైళ్లను తనవిగా వాడుకొను పద్ధతికి ఎన్.ఎఫ్.ఎస్. అని పేరు. దీనిని 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ అను సంస్థవారు రూపొందించిరి. సర్వరులో ప్రోగ్రాము దిద్దినచో ఫలకములో వెంటనే దిద్దుబాటు కానవచ్చును. కార్డును మాటిమాటికి తీసి వ్రాయు శ్రమ తప్పును.

మేలుకొనుటలో నాలుగు మెట్లు కలవు. మొదట బూట్‌లోడరు అను చిన్న ప్రోగ్రాము లేచి, డి.హెచ్.సి.పి. మూలమున తనకొక చిరునామా నడిగి తెచ్చుకొనును. రెండవది, టి.ఎఫ్.టి.పి. మూలమున లైనక్సు కెర్నెలును దించుకొనును. మూడవది, కెర్నెలు సర్వరులోని ఫైళ్ల చెట్టును తన మూలస్థానముగా తగిలించుకొనును. నాలుగవది, ఆ చెట్టులోని ఇనిట్ అను ప్రథమ ప్రోగ్రామును నడపును.

లోపమెచ్చటనో తెలియుటకు ముందుగా సీరియల్ తీగ తగిలించి ఫలకము పలుకు మాటలను చదువవలెను. అక్షరములు పిచ్చిగా వచ్చినచో వేగము సరిపడలేదని యర్థము. పెక్కు ఫలకములకు 115200 తగిన వేగము. చిరునామా రానిచో తీగను, డి.హెచ్.సి.పి. సర్వరును చూడుడు. కెర్నెలు దిగనిచో ఫైలు పేరును, అది యున్న స్థలమును, సర్వరు కాపుగోడ 69వ ద్వారమును మూసియుంచెనేమో దానిని చూడుడు.

మూడవ మెట్టుకడ పలువురు పొరబడుదురు. బూట్‌లోడరు సంపాదించిన చిరునామా కెర్నెలునకు దానంతట సంక్రమింపదు. కావున ఐ.పి. యను ఆజ్ఞచే దానికి వేరుగ చెప్పవలెను. నెట్‌వర్కు డ్రైవరు కెర్నెలులోనే కలిసియుండవలెను. అది సర్వరులోని ఫైళ్లలో నున్నచో, తాళపుచెవిని పెట్టెలో నుంచి పెట్టెకు తాళము వేసినట్లగును. మరియు పాత కెర్నెళ్లు ఎన్.ఎఫ్.ఎస్. రెండవ సంచికను కోరును. నేటి సర్వరులు పెక్కు దానిని విడిచినవి. మూడవ సంచికయని స్పష్టముగ వ్రాసిన మేలు. ఇక నాలుగవ మెట్టున ఇనిట్ నడువకున్నచో, ఆ ఫైళ్లు మన ఫలకపు ప్రాసెసరు జాతికి చెందినవో కావో చూడవలెను.

మా ఫలకము మూడవ మెట్టున నిలిచినది. మూలస్థానమును తగిలించుకొనలేకపోతినని కెర్నెలు చెప్పుచుండెను. అంతకు ముందుదినము కెర్నెలును తయారుచేసిన బాలుని చూచి, “నీవే చెడగొట్టితివి” అని నేను తొందరపడి యంటిని. అతడు తల వంచుకొని, “అయ్యా, కెర్నెలు లేచి మాటలాడుచున్నది గదా! ఒకసారి సర్వరు చిట్టాను చూతమా?” అనెను. చూచితిమి. ఫలకపు చిరునామా పరిచితము కానందున దాని కోరికను తిరస్కరించితినని సర్వరు వ్రాసియుంచెను. కారణమేమనగా, వారము క్రిందట నెట్‌వర్కు చిరునామాల వరుసను నేనే మార్చి, ఎక్స్‌పోర్ట్స్ అను అనుమతి పట్టికను దిద్దుట మరచితిని. ఆ పట్టికతో డి.హెచ్.సి.పి.కిగాని టి.ఎఫ్.టి.పి.కిగాని పనిలేదు, కనుకనే మొదటి రెండు మెట్లు చక్కగా సాగినవి. ఒక్క పంక్తి దిద్దగా ఫలకము మేలుకొనెను. తరగతియందరి యెదుట ఆ బాలుని క్షమాపణ వేడితిని.

పులికాటు సరస్సున కావలనున్న శ్రీహరికోటలో 2019 జూలై 15న చంద్రయాన్-2 ప్రయోగమును ఇంక 56 నిమిషములున్నదనగా నిలిపివేసిరి. లోపమును సరిచేసి జూలై 22న ప్రయోగించిరి. నిలిచిన దానిని చూచి నిందితుని వెదకక, ఏ మెట్టువరకు సరిగా సాగెనో వెదకుటయే వారి మార్గము. మనకును అదియే మార్గము.

కడపట నొకమాట. పరీక్షలు ముగిసినవెంటనే ఫలకమునకు సొంత కార్డు నమర్చితిమి. తుపాను రాత్రి సర్వరునకు కరెంటు పోయినను, వానను కొలుచు యంత్రము మేలుకొనియుండవలెను గదా!